మీ కాళ్ళకు ఎన్ని ‘కోటలు’? మీకు తగిన ట్రెక్ ఎంచుకునే పద్ధతి

ఏటా దసరా దాటగానే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. “సార్, సంక్రాంతి సెలవుల్ల కేదార్‌కంఠ పోదామనుకుంటున్నం. మేం ఎక్కగలుగుతమా?” కేదార్‌కంఠ అంటే ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఒక శిఖరం. నేను జవాబు చెప్పను, తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: “భువనగిరి కోట చివరిసారి ఎప్పుడు ఎక్కినవ్?” అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, “ఏడో తరగతిల బడి వాళ్ళు తీస్కపోయిన్రు సార్.”

మన తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. మనది పీఠభూమి. నల్లగొండ సముద్ర మట్టానికి సుమారు 420 మీటర్ల ఎత్తులో ఉంది, పాలమూరు 500 మీటర్లకు అటూ ఇటూ. చుట్టూ గుట్టలకు కొదవ లేదు, కానీ గంటసేపు ఆగకుండా ఎక్కుతూ పోయే కొండ మన దగ్గర దాదాపు లేదు. అందుకే మన కాళ్ళ సత్తా ఏపాటిదో మనకే తెలియదు. అటు ట్రెక్కులు నడిపే వాళ్ళేమో ఒకదానికి ‘సులభం’ అని, ఇంకోదానికి ‘ఓ మోస్తరు’ అని పేరు పెడతారు. ఎవరికి సులభం? హిమాలయాల్లోని గఢ్వాల్ పల్లెలో పుట్టి రోజూ బడికి కొండ దిగి వెళ్ళే పిల్లాడికా, మిర్యాలగూడలో బండి దిగకుండా కూరగాయలు కొనే మనకా?

కాబట్టి వాళ్ళ పేర్లను పక్కన పెట్టి మన కొలబద్ద మనం తయారు చేసుకుందాం.

మొదటి పని: ‘ఒక కోట’ అంటే ఎంతో ఒంటికి తెలియాలి

భువనగిరి కోట ఒకే ఏకశిల మీద ఉంది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదుగా త్రిభువనగిరి అయి, అదే భువనగిరి అయింది. ఆ బండ ఎత్తు సుమారు 500 అడుగులు అంటారు, అంటే 150 మీటర్లు. ఈ వ్యాసంలో ‘ఒక కోట’ అంటే 150 మీటర్ల ఎక్కుడు. ఇకనుంచి ఏ కొండనైనా ఈ లెక్కలోనే చూస్తాం.

తెల్లవారగానే వెళ్ళండి, ఎండ ముదిరితే బండ పెనంలా కాలుతుంది. కింద ఒకసారి నాడి చూసుకుని, చేతి గడియారంలో టైము చూసి మొదలుపెట్టండి. పరుగెత్తకండి, ఆగకండి. రాతిలో చెక్కిన మెట్లు మొదట్లో తేలిగ్గానే ఉంటాయి. పది నిమిషాలు దాటాక పిక్కలు బిగుస్తాయి, నోరు తెరుచుకుంటుంది. అప్పుడు పక్కనున్న వాడితో ఒక పూర్తి వాక్యం చెప్పి చూడండి. “నిన్న పొద్దున మా ఇంట్లో నీళ్ళు రాలేదు” అని ఒక్క ఊపిరిలో అనగలిగితే మీ నడక సరైన వేగంలో ఉన్నట్టు. “నిన్న... పొద్దున...” అని తెగిపోతే మీ వేగం మీ దమ్ముకు మించిపోయింది, తగ్గించండి. కొండల్లో రోజంతా నడవాల్సింది ఈ మాట తెగని వేగంతోనే. నాకు ఆ వేగంతో పైకి 25 నిమిషాలు పడుతుంది. మీకు 40 పట్టినా సిగ్గు పడాల్సింది లేదు, ఆ సంఖ్య రాసి పెట్టుకోండి చాలు.

పైనుంచి దిగి, రెండు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కండి. అసలు పరీక్ష రెండోసారే. మొదటిసారి 30 నిమిషాలు పట్టి, రెండోసారి 33 పడితే మీ ఒంట్లో ఇంకా సరుకు ఉంది. రెండోసారి 50 అయితే మీరు ప్రస్తుతానికి ‘ఒక కోట మనిషి’. మూడోసారి కూడా ఎక్కి, మరుసటి రోజు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోకపోతే హిమాలయాల గురించి మాట్లాడుకోవచ్చు.

భువనగిరి దూరమైతే ఇబ్బంది లేదు. నల్లగొండ వాళ్ళకు లతీఫ్‌సాబ్ గుట్ట, కాపురాల గుట్ట ఊళ్ళోనే ఉన్నాయి. దేవరకొండ కోట, రాచకొండ, పాలమూరు వైపు కోయిలకొండ, వనపర్తి వైపు ఘనపూర్, పానగల్ ఉన్నాయి. గుట్ట ఎత్తు తెలియకపోతే ఫోన్లో ఎత్తు చూపే యాప్ పెట్టుకుని కింద ఒకసారి, పైన ఒకసారి చూడండి. జీపీఎస్ ఎత్తు పది ఇరవై మీటర్లు తేడా చూపుతుంది కాబట్టి మూడు నాలుగు సార్లు చూసి సగటు తీయాలి. గుట్టే లేని ఊరైతే మెట్లు ఉన్నాయిగా. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. డాబా మీదికి 50 సార్లు ఎక్కితే ఒక కోట. ఇంట్లో వాళ్ళు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

రెండో పని: వెళ్ళాలనుకున్న కొండను కోటల్లోకి మార్చడం

ట్రెక్ వివరాల్లో అందరూ శిఖరం ఎత్తు చూస్తారు. కాళ్ళకు సంబంధించినంత వరకు ఆ సంఖ్యతో పని లేదు. చూడాల్సింది రోజువారీగా ఎంత ఎక్కుతున్నాం, ఎంత దిగుతున్నాం అన్నది. ఈ రాత్రి మకాం ఎత్తు నుంచి నిన్న రాత్రి మకాం ఎత్తు తీసేసి 150తో భాగించండి. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కే చోట్లుంటే అవీ కలపాలి.

మనందరికీ తెలిసిన తిరుమలతో మొదలుపెడదాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, దాదాపు 650 మీటర్ల ఎక్కుడు. నాలుగు కోటలకు కొంచెం పైన. మొక్కుకుని ఎక్కిన ప్రతి ఒక్కరూ, తెలియకుండానే, హిమాలయాల్లో ఒక మామూలు రోజు పనికి దగ్గరగా చేసినట్టే. కాకపోతే దారంతా నీడ ఉంది, మజ్జిగ ఉంది, దిగేటప్పుడు బస్సు ఉంది.

ఇప్పుడు కేదార్‌కంఠ. సాంక్రీ ఊరు 1,950 మీటర్లు. మొదటి రోజు జూడా కా తాలాబ్ మకాం సుమారు 2,700. అంటే అయిదు కోటలు. రెండో రోజు బేస్ క్యాంప్ 3,400కు దగ్గర్లో, ఇంకో నాలుగున్నర. మూడో రోజు అర్ధరాత్రి దాటాక లేచి 3,800 మీటర్ల శిఖరానికి, మూడు కోటలు కూడా లేవు. “ఓస్ ఇంతేనా” అనిపిస్తుంది. కానీ ఆ రోజే మళ్ళీ 2,700 దరిదాపుల్లోని మకాం దాకా దిగాలి. 1,100 మీటర్ల దిగుడు, ఏడు కోటలకు పైన, అదీ మంచులో. మన వాళ్ళకు గోళ్ళు నల్లబడేది, మోకాళ్ళు మొరాయించేది ఆ మధ్యాహ్నమే.

లెక్క కట్టడం మొదలుపెడితే వింతలు బయటపడతాయి. కర్ణాటకలో కుమారపర్వతం ఎత్తు 1,712 మీటర్లే, కేదార్‌కంఠలో సగం కూడా లేదు. కానీ కుక్కే సుబ్రహ్మణ్య సముద్ర మట్టానికి నూట ఇరవై మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడి నుంచి పైకి దాదాపు 1,600 మీటర్లు, అంటే పదిన్నర కోటలు. ఒకటి రెండు రోజుల్లో ఎక్కి దిగేయాలి, జిగట వేడిలో. కాళ్ళ వరకు చూస్తే అది కేదార్‌కంఠ కన్నా ముదురు. మహారాష్ట్రలో ఎత్తైన కల్సుబాయి, 1,646 మీటర్లు, బారీ అనే ఊరి నుంచి సుమారు 800 మీటర్ల ఎక్కుడు. అయిదు కోటల పైచిలుకు, ఒక పూటలో అయిపోతుంది, నిట్టనిలువు చోట్ల ఇనుప నిచ్చెనలున్నాయి.

ఇక కేదార్‌నాథ్. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు, సుమారు 1,600 మీటర్ల ఎక్కుడు. ఇదీ పదిన్నర కోటలే. మన ఊళ్ళ నుంచి అరవై దాటిన పెద్దమ్మలు ‘దేవుడు నడిపిస్తడు’ అనుకుంటూ బయల్దేరేది దీనికే. దాన్ని ఎవరూ ట్రెక్ అనరు, అందుకే ఎవరూ సిద్ధం కారు. మీ ఇంట్లో చార్‌ధామ్ ప్రయాణం ఉంటే ఈ వ్యాసం ముందు వాళ్ళకు చదివి వినిపించండి.

టైము లెక్కకు ఒక పాత సూత్రం ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. సాంక్రీ నుంచి జూడా కా తాలాబ్ నాలుగు కిలోమీటర్లు, 750 మీటర్లు అనుకుంటే రెండు గంటల పని. మనలాంటి వాళ్ళు దానికి సగం కలుపుకోవాలి, ఫొటోలూ టీలూ అన్నీ చేరితే నాలుగు గంటలు. ఏ రోజైనా ఈ లెక్కతో ఎనిమిది గంటలు దాటుతుంటే అది మొదటిసారి వెళ్ళే వాళ్ళకు కాదు.

నా కొండ గుర్తు ఇది: వరుసగా రెండు రోజులు, రోజుకు మూడు కోటలు, వీపున ఏడెనిమిది కిలోల సంచితో ఎక్కి దిగగలిగిన వాళ్ళకు రోజుకు అయిదు కోటల ట్రెక్ సరిపోతుంది. మనూరి వేడిలో మూడు ఎక్కగలిగితే చల్లటి గాలిలో నెమ్మదిగా అయిదు లాగొచ్చు. శనివారం ఎక్కి ఆదివారం పడుకుంటే లెక్కలోకి రాదు. కొండల్లో రెండో రోజు పొద్దున నొప్పి కాళ్ళతోనే లేవాలి.

మూడో పని: నిద్రపోయే ఎత్తు చూడడం

ఇంతవరకు చెప్పింది కాళ్ళ సంగతి. ఇప్పుడు చెప్పేదానికి కాళ్ళతో పని లేదు, అదే చాలామందికి నమ్మబుద్ధి కాదు.

నేను మొదటిసారి వెళ్ళింది హంప్టా పాస్‌కు, 4,270 మీటర్లు, హిమాచల్‌లో. పాస్ అంటే రెండు లోయల మధ్య కొండ కనుమ. అప్పట్లో ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో అయిదు కిలోమీటర్లు 28 నిమిషాల్లో ఉరికేవాణ్ణి, ఆ గర్వం ఉండేది. తోడు వచ్చిన మా బావకు పొట్ట, పైగా సిగరెట్ అలవాటు. ఢిల్లీలో రాత్రి బస్సెక్కి పొద్దున మనాలీలో దిగి, అదే రోజు జీపులో జోబ్రా పోయి, నడిచి చీకా చేరాం, సుమారు 3,100 మీటర్లు. నల్లగొండ నుంచి మూడు రోజులు తిరక్కుండానే అంత ఎత్తులో పడుకున్నాం. రాత్రి తల పగిలిపోతుంటే ప్రయాణం బడలిక అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజు బాలూ కా ఘేరాకు అందరికన్నా ముందు చేరాను. ఆ సాయంత్రం పప్పన్నం వాసనకే వాంతి. గైడ్ కుర్రాడు నన్ను ఒక గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. నాలుగు అడుగులకు పక్కకు తూలాను. ఇక మాట్లాడలేదు, టార్చి పట్టుకుని నన్ను కిందికి దించాడు. మా బావ పాస్ దాటి, ఛత్రూలో మ్యాగీ తిని, ఫొటో పెట్టాడు.

కారణం ఇది. పైకి పోయే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. 3,600 మీటర్ల దగ్గర మన ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందేదానికి దాదాపు మూడింట రెండు వంతులే. ఒళ్ళు దానికి అలవాటు పడాలంటే రోజులు కావాలి, కండబలంతో అది తేలదు. పైగా బాగా ఉరికేవాళ్ళు తొందరగా ఎక్కేసి తొందరగా చిక్కుల్లో పడతారు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఈ జబ్బు రావచ్చు. తలనొప్పికి తోడు వికారం, తల తిరుగుడు, విపరీతమైన నిస్సత్తువల్లో ఏదుంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ రోజు పైకి పోకూడదు, తగ్గకపోతే దిగాలి. అడుగులు తూలినా, మాట తడబడినా మెదడు వాచే ప్రమాదం. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు, కఫంలో గులాబీ రంగు కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండింటికీ తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే కిందికి దించాలి.

ట్రెక్ ఎంచుకునేటప్పుడు పాటించాల్సిన సూత్రం చిన్నదే: 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య నిద్రపోయే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఒక అదనపు రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా రాత్రికి దిగొస్తే అంత బాధ లేదు. హేమ్‌కుండ్ అందుకే చాలామందికి నడుస్తుంది. ఉత్తరాఖండ్‌లోని ఆ సిక్కు పుణ్యక్షేత్రం 4,300 మీటర్ల పైనే ఉన్నా రాత్రి అక్కడ ఉండనివ్వరు, సుమారు 3,050 మీటర్ల ఘాంగరియాకు దిగొచ్చేస్తాం. ఊపిరికి మేలు, కాళ్ళకు మాత్రం ఒక్క రోజులో ఎనిమిది కోటలు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. అది పనిచేస్తుంది, కానీ మందుల షాపులో చాక్లెట్‌లా కొని వేసుకునేది కాదు. సల్ఫా మందులు పడని వాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. మాత్ర వేసుకున్నంత మాత్రాన రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కేయొచ్చని కాదు.

నాలుగో పని: వెనక్కి దారి ఎంత దూరం?

ఎక్కువమంది అడగని ప్రశ్న ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. మీకు ఒంట్లో బాగాలేకపోతే ఎన్ని గంటల్లో జీపు దారికి చేరతారు?

కేదార్‌కంఠలో ఏ మకాం నుంచైనా ఒక రోజులో సాంక్రీకి దిగొచ్చు. ఉత్తరాఖండ్‌లోనే చోప్టా నుంచి తుంగనాథ్ గుడి, అక్కడి నుంచి చంద్రశిల శిఖరం అయితే రోడ్డు నుంచి ఒక పూట దూరమే. పాస్‌లు వేరు. ఒక లోయలో ఎక్కి ఇంకో లోయలో దిగుతాం. పాస్ దాటాక జబ్బు చేస్తే మీరు ముందుకే పోవాలి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కి, కర్ణాటక నుంచి వెళ్ళిన బృందంలో 9 మంది చనిపోయారు. జూన్ అంటే మనకు మిరుగు కార్తె, విత్తనాల కాలం. అక్కడ 4,000 మీటర్ల పైన అప్పుడు కూడా చలి చంపుతుంది.

చలి లెక్క కూడా సులువే: ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. శీతాకాలం కేదార్‌కంఠ మకాంలో రాత్రి సున్నాకు పది డిగ్రీల దిగువకు పోవచ్చు. నలభై అయిదు డిగ్రీల ఎండలో బతికే నల్లగొండ ఒంటికి అది కొత్త లోకం. అందుకే మొదటి ట్రెక్ మంచులో వద్దని నేను చెబుతాను, వినేవాళ్ళు తక్కువ. మంచు ఫొటో కోసమే పోతారు మరి. పోయేటట్టయితే కనీసం వీపు సంచి కంచరగాడిద మీద వేసే వీలున్న చోటికి పోండి.

అయిదో పని: మోకాళ్ళతో, డాక్టరుతో మాట్లాడడం

నారాయణపురం దగ్గర రాచకొండ దిగుతుంటే గొర్లు కాసే ఒక తాత నన్ను కాసేపు చూసి, “ఎక్కుడు ఎవ్వడైన ఎక్కుతడు బిడ్డా, దిగుడు జూడాలె” అన్నాడు. నేను మడమ బండకేసి కొడుతూ, మోకాలు నిటారుగా పెట్టి దిగుతున్నాను. ఆయన చేతిలో కర్ర, మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు, చప్పుడే లేదు. ట్రెక్కింగ్ పుస్తకాల్లో బొమ్మలేసి చెప్పేది సరిగ్గా అదే.

దిగుడులో మోకాలి చిప్ప కింద పోటు వస్తే అది సాధనతో పోయేదో కాదో ఎముకల డాక్టరు చెప్పాలి. మన జిల్లాలో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకు కీళ్ళు, వెన్ను బిగుసుకుపోవడం కొత్త కాదు. నలభై దాటిన వాళ్ళు పొద్దున లేవగానే నడుము వంచలేకపోతుంటే, “వయసు” అని కొట్టిపారేయకుండా చూపించుకున్నాకే టికెట్లు కొనండి. బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ అంతే. వాటిలో చాలావాటితో వెళ్ళొచ్చు, దాచిపెట్టి మాత్రం వెళ్ళకూడదు. ఆరోగ్య పత్రం మీద పరిచయస్తుడైన డాక్టరు చూడకుండా సంతకం పెట్టిస్తే, పైన వణికేది ఆయన కాదు.

ఆరో పని: మీ మెట్టు ఎక్కడుందో చూసుకోవడం

మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ తోడుగా. ఆ పిల్లల శిక్షణ మొదలైంది ఈ భువనగిరి బండ మీదే. అక్కడి నుంచి డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఎవరెస్ట్‌కే మెట్లు మెట్లుగా పోయినప్పుడు మనం ఒక్క దూకు దూకడం ఎందుకు?

గుట్ట ముఖమే చూడని వాళ్ళు మూడు నెలలు ఊరి గుట్టలతో గడపండి. ఒక ఆదివారం దేవరకొండ, ఇంకో ఆదివారం కోయిలకొండ. దేవరకొండ కోట గోడలు ఏడు కొండలను చుట్టుకుని ఉంటాయి, తిరిగితే పూటంతా పడుతుంది. ఎక్కుడుతో పాటు దిగుడూ మళ్ళీ ఎక్కుడూ అలవాటవుతాయి. వానాకాలం నాచు పట్టిన బండల మీద మాత్రం సాహసాలొద్దు. పాత కోట గోడలకు తేనెతుట్టెలు ఉంటాయి, వాటి దగ్గర పొగ పెట్టడం, అరవడం అసలే వద్దు.

దానిపై మెట్టుకు సలేశ్వరం మంచి పరీక్ష. చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే నల్లమలలో దారి తెరుస్తారు. అక్కడ ముందు లోయలోకి దిగి, దర్శనం చేసుకుని, ఎండ నెత్తికెక్కాక తిరిగి పైకి ఎక్కాలి. మామూలు కొండకు తలకిందులన్న మాట. దిగేటప్పుడు హుషారుగా ఉన్నవాళ్ళు ఎక్కేటప్పుడు చెట్టుకో మనిషిగా కూర్చుంటారు. మిగతా రోజుల్లో అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

మూడు కోటల మనిషికి కల్సుబాయి సరిపోతుంది. హిమాలయాలే కావాలనుకుంటే 3,022 మీటర్ల నాగ్ టిబ్బా, లేదా చోప్టా నుంచి చంద్రశిల. మంచు కోసం పట్టుబట్టేవాళ్ళు, వారాంతం సాధన దాటని వాళ్ళు, అరవై దాటిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని పోదామనుకునే వాళ్ళు కూడా చోప్టానే చూసుకోవచ్చు. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది, పువ్వులకు జూలై, ఆగస్టు మంచివి. అక్కడ డేరాలకు బదులు ఘాంగరియాలో గదులు దొరుకుతాయి.

వరుసగా రెండు రోజులు మూడేసి కోటలు లాగేవాళ్ళకు కేదార్‌కంఠ, లేదా 3,566 మీటర్ల హర్ కీ దూన్. రెండోదాన్ని మనవాళ్ళు పట్టించుకోరు, శిఖరం లేదని. నాకైతే అదే ఇష్టం. లోయ వెంట పొడుగాటి నడక, ఎక్కుడు మెల్లగా వస్తుంది, దారిలో చెక్క ఇళ్ళ పల్లెలు.

అలాంటివి ఒకటి రెండు చేసి, 3,500 మీటర్ల దగ్గర ఒళ్ళు ఎలా ఉంటుందో తెలిశాకే హంప్టా లాంటి 4,000 పైవి. సిక్కింలోని గోయేచాలా, 5,364 మీటర్ల ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ఆ తర్వాతి మాట. బేస్ క్యాంప్‌కు ఒక్కో రోజు కోటలు ఎక్కువేమీ ఉండవు, కానీ పన్నెండు రోజులకు పైగా వరుసగా నడవాలి, రోజురోజుకూ గాలి పలచబడుతుంది. ఓపిక ఉన్న యాభై ఏళ్ళ టీచరు చేయగలడు, ఓపిక లేని పాతికేళ్ళ జిమ్ కుర్రాడు చేయలేడు.

ఏడో పని: పన్నెండు వారాలు

వారానికి మూడు రోజులు పొద్దున గంటసేపు వడివడిగా నడక లేదా మెల్లటి పరుగు, రెండు రోజులు మెట్లు, ఆదివారం గుట్ట. అంతకు మించి పెద్ద పథకం అక్కర్లేదు. అయిదు కిలోమీటర్లు 40 నిమిషాల లోపు వస్తే మొదటి ట్రెక్‌కు చాలు. నాలుగో వారం నుంచి సంచిలో బరువు పెట్టండి: రెండు లీటర్ల నీళ్ళ సీసాలు మూడు, పైన తువాల. దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పిగా ఉంటే పైన నీళ్ళు పారబోసి దిగొచ్చు, అందుకే ఇటుకల కన్నా నీళ్ళు మేలు. చివరి వారం బరువులు, గుట్టలు ఆపేసి మామూలుగా నడవండి.

బూట్లు కనీసం నెల ముందు కొని, ఇవే గుట్టల మీద అరగదీయాలి. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందం మేజోళ్ళతో కొలత చూడండి. లేసులు విప్పి కాలు ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. బిగుతు బూట్లతో ఏడు కోటలు దిగితే బొటనవేలి గోరు ఊడి కొత్తది రావడానికి నెలలు పడుతుంది. నాకు పట్టింది.

తాళ్ళెక్కే గౌడన్నలు, గొర్ల వెంట రోజంతా తిరిగే వాళ్ళు పైదంతా చదివి నవ్వుకుంటారు. వాళ్ళకు కాళ్ళ సాధన అక్కర్లేదు. మూడో పని మాత్రం వాళ్ళకూ వర్తిస్తుంది, ఎత్తు ఎవరినీ వదలదు.

ఎనిమిదో పని: రోజులు లెక్కేసుకోవడం

సెలవులు తక్కువని జనం కోసేది సరిగ్గా కోయకూడని రోజులనే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైమాటే, అక్కడి నుంచి దేహ్రాదూన్, దేహ్రాదూన్ నుంచి సాంక్రీకి మలుపుల దారిలో ఇంకో పూర్తి రోజు. ఆరు రోజుల ట్రెక్‌కు పదకొండు రోజుల సెలవు కావాలి. అందులో ఒక రోజు ఏ పనీ లేకుండా ఉండాలి. వాన పడినా, రోడ్డు విరిగినా, తలనొప్పి వచ్చినా అదే ఆదుకుంటుంది. విమానంలో పోయినా ఆ ఖాళీ రోజును తీసేయకండి, ఇంకా తొందరగా ఎత్తుకు చేరతారు కాబట్టి అప్పుడు అది మరీ అవసరం.

తిండి సంగతి ఒక్క ముక్క: పైన ఆకలి చచ్చిపోతుంది, రొట్టె, రాజ్మా గొంతు దిగవు. సంక్రాంతికి వెళ్ళేవాళ్ళు ఇంట్లో చేసిన సకినాలు ఒక డబ్బాలో పట్టుకెళ్ళండి. చలికి రాయిలా గట్టిపడినా నోటికి రుచి తెలుస్తుంది.

చివరగా, డబ్బు కట్టే ముందు ఫోన్లో అడగాల్సినవి

ప్రతి రాత్రి మకాం ఎత్తు మీటర్లలో చెప్పమనండి, కాగితం మీద రాసుకుంటూ అడగండి. అన్నిటికన్నా పెద్ద రోజు ఎన్ని గంటలు? ఎన్ని కోటల దిగుడు? (మీటర్లలో అడగండి, కోటల లెక్క మన మధ్యే.) ఎంతమందికి ఒక గైడ్? ఆక్సిజన్ సిలిండర్ ఏ మకాం దాకా వస్తుంది? అటవీ అనుమతి ఎవరి పేరు మీద? ఒకరికి జబ్బు చేస్తే వాళ్ళతో ఎవరు దిగుతారు, మిగతా గుంపును ఎవరు చూస్తారు, అక్కడి నుంచి రోడ్డుకు ఎన్ని గంటలు?

ఆ చివరి ప్రశ్నకు “మా వాళ్ళకు ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు సార్” అని జవాబు వస్తే ఫోన్ పెట్టేసి ఇంకొకరికి చేయండి.